చాటలో మొగాలు

ఈ మధ్య దొరికే గోందు ఏదీ అంటుకోవడం లేదు. సీసా మీద బొమ్మ ఎంత గట్టిగా ఉన్నా, లోపలి సరుకు మాత్రం ఒక కాగితాన్ని ఇంకో కాగితానికి పరిచయం చేసి తప్పుకుంటుంది. పోయిన నవంబరులో పింఛను ఆఫీసుకు వెళ్ళాను, నేనింకా బతికే ఉన్నానని ఏటా ఇచ్చుకునే కాగితం పట్టుకుని. వరుసలో నిలబడి కౌంటరు చేరేలోపు దాని మీది ఫోటో ఎక్కడో రాలిపోయింది. గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "సార్, మీరుండారు గానీ మీ ఫోటో లేదే" అన్నాడు. పాపం, అతని గొంతులో సానుభూతి ఉంది. ఫోటో ఉండి నేను లేకపోయి ఉంటే పని ఇంకొంచెం సులువుగా అయ్యేదేమో అన్న అనుమానం నాకు కలిగింది గానీ పైకి అనలేదు.

మా రూతమ్మత్త అంటించిన ఫోటో ఊడిపోయిందని ఎవరూ అనగా నేను వినలేదు. రూతమ్మత్త మా నాయనకు అక్క. నంద్యాలలో ఆమె భర్త ఏసోబు మామకు ఫోటో స్టూడియో ఉండేది. సంజామల నుంచి డిగ్రీ చదవడానికి వచ్చి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. డిగ్రీ మూడేళ్ళది, నేను కొంచెం ఎక్కువే ఉన్నాను, ఆ వివరాలు ఇక్కడ అనవసరం. వాళ్ళకు పిల్లలు లేరు. మామ పోయి చాలా కాలమైంది. అత్త పోయిన ఎండాకాలంలో పోయింది. ఆమె ట్రంకుపెట్టె నాకు చేరింది. మూత ఎత్తగానే ముందు వాసన వచ్చింది, ఆ తర్వాత అత్త కనిపించింది. ఒక అట్ట మీద పెళ్ళికూతురిగా, ఇంకో అట్ట మీద టీచరుగా, మరో దాని మీద పట్టభద్రుల నల్లగౌను వేసుకుని. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ ఆమె నిజంగా ఫోటో దిగినది కాదు. పెళ్ళయితే అయింది గానీ, ఆ రోజు మామ పెళ్ళికొడుకు కావడంతో కెమెరా పట్టుకునేవాళ్ళు లేకపోయారు.

ఆ వాసన మైదా జిగురుది. అత్త ఇంట్లో పొద్దున్నే ఒక పొయ్యి మీద కాఫీ, ఇంకో పొయ్యి మీద జిగురు. మైదాను చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నసెగ మీద గరిటె ఆపకుండా తిప్పి, గాజులాగా మెరుపు వచ్చాక దించి, చిటికెడు మైలతుత్తం వేసేది. మైలతుత్తం విషం, అది పడిన జిగురు జోలికి బొద్దింక రాదు, పురుగు రాదు. మనుషులు మాత్రం రావచ్చు కాబట్టి ఆ గిన్నె చెవికి ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉండేది. ఒకసారి మామ డార్కురూములోంచి కళ్ళు చికిలించుకుంటూ వచ్చి, గంజి అనుకుని గిన్నెను నోటిదాకా తెచ్చాడు. అత్త గరిటె తిప్పడం ఆపలేదు. "తాగు, తాగు. లోపల ఊడిపోయినవన్నీ అతుక్కుంటాయి" అంది.

ముందు స్టూడియో, వెనక ఇల్లు, మధ్యలో నల్లగుడ్డ వేలాడే డార్కురూము. వంటింటికీ దానికీ ఒకటే గోడ. అందుకని మా ఇంట్లో తిరగమాత వాసనలోనూ, మామ ఫోటోలు కడిగే మందునీళ్ళలోని పులుపు ఘాటులోనూ ఏది ఎక్కడ మొదలయ్యేదో చెప్పడం కష్టం. మొదట్లో నేను బొరుగుల ఉగ్గాని తింటుంటే ఎవరిదో ఫోటో తింటున్నట్టుండేది. తర్వాత సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అమ్మ చేసిన ఉగ్గానిలో ఏదో తక్కువైనట్టు అనిపించేది. పెరట్లో బట్టల తీగ పక్కనే ఫోటోల తీగ. ఎవరికి సంబంధాలు చూస్తున్నారో, ఎవరు ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నారో ఆ తీగ వంక చూస్తే తెలిసిపోయేది. పొద్దున మామ ప్రార్థన పెద్దది. ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళందరినీ పేరుపేరునా దేవుడికి గుర్తు చేసేవాడు. ప్లేటులోని ఉగ్గాని చల్లారిపోతుందని అత్త ఒక కన్ను తెరిచి నావంక చూసి, మళ్ళీ మూసుకునేది. ఆ ఒక్క చూపుతో మా ఇద్దరి ప్రార్థనా అయిపోయేది.

మామకు కెమెరా వెనక ఒక గొంతు, బయట ఒక గొంతు. బయట మెత్తని మనిషి. నల్లగుడ్డ కింద తల దూర్చాడంటే తహసీల్దారునైనా సరే, "గడ్డం దించప్పా. ఇంగా దించు. సాలు, మరీ తప్పు చేసినోని మాదిరి వద్దు" అని దబాయించేవాడు. వెనక తెర మీద రంగుల మెట్లు, మెట్ల చివర హంస. పాణ్యం నుంచి వచ్చినా ఆత్మకూరు నుంచి వచ్చినా అందరూ ఆ మెట్ల ముందే కూర్చునేవాళ్ళు, అవతల ఏదో మేడ ఉన్నట్టు. తియ్యడం మామ పని; ఆ తర్వాతిదంతా అత్త పని. నెగెటివ్ మీద సన్నపెన్సిలుతో మశూచి మచ్చలు పూడ్చడం, బుగ్గలకు రంగు వెయ్యడం, అట్టకు అంటించడం, చనిపోయినవాళ్ళదైతే కింద పేరు, పుట్టిందీ పోయిందీ గుండ్రని అక్షరాలతో రాయడం. అత్త టీచరు ట్రైనింగు చేసింది. పోస్టింగు రాలేదు. చేతిరాత మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఇక ఆమె ఫోటోల సంగతి. రీలులో చివర ఒకటి మిగిలిపోయేది. అది అయిపోతే గానీ కడగడానికి కుదరదు. అప్పుడు మామ, "రూతూ, ఒకటి మిగిలింది, రా" అని కేకేసేవాడు. అత్త ఏ పనిలో ఉంటే ఆ పనిలోంచి వచ్చేది. చేతికి పిండి, ముంజేతి మీద మసి, నెత్తిన తడిగుడ్డ. స్టూలు మీద కూర్చుని, "బేగా తియ్యి, చారు పొంగుతాంది" అనేది. టప్పుమనేది. లేచి పోయేది. ఇట్లా ఏళ్ళ తరబడి మిగిలిన ఒక్కొక్కటీ చేరి, నంద్యాలలో ఏ జమీందారిణికీ లేనన్ని ఫోటోలు మా అత్తకు ఉండేవి. అన్నింట్లోనూ పని మధ్యలో లేపి తెచ్చిన మనిషిలాగే ఉండేది. నిజమే గదా, అట్లాగే తెచ్చారు.

ఆమె ఒళ్ళు కూడా వ్యాపారంలో భాగమే. అప్పట్లో చాలామంది ఆడవాళ్ళకు బతికుండగా విడిగా ఒక ఫోటో ఉండేది కాదు. మనిషి పోయాక ఇంట్లోవాళ్ళు ఏ పెళ్ళి గ్రూపు ఫోటోనో పట్టుకొచ్చి, నాలుగో వరసలో మూడు భుజాల మధ్య నుంచి తొంగిచూసే తలకాయను చూపించి, "ఈమెను పెద్దది చెయ్యి" అనేవాళ్ళు. తలకాయ సరే, మెడ కిందికి ఏమీ లేదు. అప్పుడు, వాళ్ళు తెచ్చిన చీర కట్టుకుని అత్త కుర్చీలో కూర్చునేది. మామ తీసేవాడు. ఆమె మెడ పైన ఆ తల చేరేది. బొట్టు పెట్టని మా అత్త ఒళ్ళు ఎన్ని ఇళ్ళలో గోడకెక్కి పసుపు కుంకుమలు అందుకుందో లెక్క లేదు. ఒకసారి ఆమెతోపాటు ఒక ఇంటికి పరామర్శకు పోయాను. దండ వేసిన పటానికి అందరూ చేతులు జోడిస్తున్నారు. అత్త నా చెవిలో, "ఆ గాజు చీలి మణికట్టు కోసుకోనింది నాకు. చూడు, ఆడ కనపడతాంది" అంది. నేను దగ్గు వచ్చినట్టు నటించి బయటికి నడిచాను.

అందరి తలలూ తన మీద పెట్టుకున్న మనిషికి, ఒకసారి తన తల అందరి మీదా పెట్టి చూస్తే ఎట్లా ఉంటుందో అన్న ఆలోచన రావడంలో వింత లేదు. దానికి కావలసిన సరుకు మా ఇంట్లో మూలుగుతూ ఉండేది. ఫోటో దిగి, మళ్ళీ రానివాళ్ళు. పెళ్ళిచూపులకని దిగుతారు, ఫోటో ఆరేలోపు సంబంధం కుదిరిపోతుంది, ఇక ఫోటో ఎందుకు? లేదా తప్పిపోతుంది, అప్పుడు అసలే వద్దు. బదిలీ అయిపోయిన టీచర్ల గ్రూపు, కాన్వొకేషన్‌కు పోకుండానే గౌను అద్దెకు తెచ్చుకుని దిగిన కుర్రాడు, తెర ముందు భయంగా పక్కపక్కన నిలబడి ఆ తర్వాత అడ్రసు లేని జంటలు. కవర్లు గూట్లో పేరుకునేవి. మామ పారెయ్యడు. "మనుషుల మొగాలు చెత్తకుండీలో యాడేసేది?" అనేవాడు. అట్లాగని పెట్టుకోవడానికి చోటూ లేదు.

అత్త వాటిని తీసుకుంది. పక్క అంగట్లో ఫ్రేములు కట్టే ఖాసీం సాయిబు కోత మిగిలిన అట్టలు ఇచ్చేవాడు. ఫోటోలోని ఒక తలను కత్తెరతో సన్నగా కోసి తీసి, సరిగ్గా ఆ ఖాళీలో తన తలను ఒదిగేట్టు అమర్చేది. దానికి సరిపోయే తల తన దగ్గర లేకపోతే తానే కెమెరా బిగించుకుని, ఆ ఫోటోలోని మనిషి ఎటు తిరిగి ఉంటే అటు తిరిగి, గిర్రున తిరిగి దానంతటదే పడే మీట నొక్కి, పరుగున వచ్చి కూర్చునేది. తర్వాత కింద గుండ్రని అక్షరాలతో రాసేది. టీచర్ల గ్రూపు కింద: "ఎడమ నుంచి మూడో మనిషిని నేను. పాణ్యంలో పోస్టింగు. హెడ్మాస్టరు మంచోడే గానీ నిద్రపోతాడు." గౌను కింద: "రూతమ్మ, బి.ఏ. ఏ సబ్జెక్టో ఇంకా అనుకోలేదు." ఎవరిదో పెళ్ళి ఫోటో కింద: "పెండ్లికూతురిని నేనే. వంకాయ కూరలో ఉప్పు లేదని మగపెండ్లివాళ్ళు అలిగినారు. నేనే పోయి వేసినాను." ఖాసీం సాయిబు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చదివి, "అమ్మా, మీరు ఊరందరి పెండ్లికీ పోతాండారు. ఏసోబన్న ఒక్కదానికన్నా కానుక చదివించినాడా?" అని అడిగేవాడు. మామ నవ్వేవాడు. నేను మరీ ఎక్కువ నవ్వేవాణ్ణి, బి.ఏ. అప్పటికి నాకూ పూర్తి కాలేదు, సబ్జెక్టు మాత్రం అనుకున్నాను. అవి జోకులని మా అందరి అభిప్రాయం. కోసి తీసిన తలలను అత్త పారెయ్యలేదు. ఒక బిస్కెట్ డబ్బాలో వేసేది. డబ్బా ఊపితే ఎండుమిరప గింజల చప్పుడు వచ్చేది.

ఒకరోజు పొద్దున ఆళ్ళగడ్డ నుంచి శేషాచారి వచ్చాడు. రాతి విగ్రహాలు చెక్కే మనిషి. చొక్కా ఉతికిందే గానీ చెవుల వెనక రాతిపొడి ఉతుక్కు లొంగలేదు. చాలా ఏళ్ళ కిందట కూతురు పద్మతో వచ్చి ఈ స్టూడియోలోనే ఫోటో తీయించానని చెప్పాడు. పెళ్ళిచూపుల ఫోటో. అది తీసుకుపోకముందే ఆ పిల్లకు జ్వరం తగిలి పోయింది.

"అప్పుడు ఫోటో ఎవరికి గుర్తుంటాదప్పా" అన్నాడు మామతో. "ఇప్పుడు మా ఇంటామెకు కండ్లు మసకలు ముసురుకుంటాండాయి. పూర్తిగా పోకముందు పాపను ఒకసారి చూడల్ల అంటాంది. ఇంట్లో వేరే ఫోటో లేదు. లేత చీర, పెద్దంచు. జడ ముందరికి ఏసుకోనుంటాది."

మామ ముఖంలో రంగు మారింది. ఆ లేత చీర ఏ అట్ట మీద ఉందో ఇంట్లో అందరికీ తెలుసు. "లేదప్పా. పోయిన వానలకు పైకప్పు ఉరిసి నెగెటివ్‌లన్నీ ఒకదానికొకటి అతుక్కపోయినాయి" అన్నాడు. నెగెటివ్‌ల వరకు అది నిజమే. శేషాచారి తల ఊపాడు. రాయి ఎక్కడ పగులుతుందో తెలిసిన మనిషి, పగిలిన దాని గురించి వాదించడు. భుజం మీది తుండుగుడ్డ సర్దుకుని వెనక్కి తిరిగాడు.

"ఫోటో ఉండాది" అంది అత్త నల్లగుడ్డ పక్కకు తీసి. ఆమె వేళ్ళకు జిగురు. "లోపలికి రాప్పా."

మామ ఆమె వంక, కడగని రీలును ఎండలోకి తీసిన మనిషిని చూసినట్టు చూశాడు. అత్త మంచం కింది నుంచి అట్ట తీసి శేషాచారి చేతికిచ్చింది. నేను వాకిట్లో పుస్తకం తెరిచి పట్టుకుని ఉన్నాను. ఆ పేజీలో ఏముందో ఈరోజుకీ నాకు తెలియదు. ఆయన అట్టను కొంచెం దూరంగా పెట్టి చూశాడు.

"చీర మా పాపదే. చెయ్యి మా పాపదే" అన్నాడు. "మొగం నీది."

"ఊ."

"ఎందుకమ్మా?"

"ఎవరూ రాలేదని పెట్టుకుంటి."

"వచ్చినా గదా" అన్నాడు.

అత్త బిస్కెట్ డబ్బా తెచ్చింది. దాని మూత తీసింది. ఇన్నేళ్ళ మీద మొగం చూసి ఏ తల ఏ ఫోటోదో చెప్పడం తన వల్ల కాదు. చెప్పగలిగిన మనిషి ఎదురుగా ఉన్నాడు. వంటింట్లోంచి చాట తెచ్చి, డబ్బాను అందులో బోర్లించింది. తలలన్నీ జలజలా పడ్డాయి. కొన్ని చింతగింజంత, కొన్ని అర్ధరూపాయి బిళ్ళంత. బోర్లా పడ్డవాటిని అత్త ఒక్కొక్కటే వెల్లకిలా తిప్పింది. శేషాచారి చాట ఒడిలో పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, చూపుడువేలితో ఒక్కొక్క మొగాన్నీ పక్కకు జరపడం మొదలుపెట్టాడు. మామ స్టూడియో తలుపు దగ్గరికి వేసి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. చాటలో కాగితాలు జరిగే చప్పుడే.

చివరికి ఒకదాన్ని గోటితో ఎత్తి అరచేతిలో పెట్టుకున్నాడు. గుండ్రటి మొగం, పెదవి చివర నవ్వు ఆగీ ఆగనట్టు ఉన్న పిల్ల. "ఇదే. ఇదే మా పాప" అన్నాడు.

మైదా జిగురు కత్తికి లొంగదు, ఆవిరికి లొంగుతుంది. అత్త కెటిల్‌లో నీళ్ళు మరగబెట్టి, అట్టను ఆవిరికి చూపించి, తన మొగాన్ని మెల్లగా పైకి లేపింది. అది ఒక చెంప మీద చినిగింది. పక్కన పెట్టింది. ఆ ఖాళీలో శేషాచారి ఇచ్చిన మొగం ఉంచి చూసింది. చెవి దగ్గర సందు. అటు జరిపింది, ఇటు జరిపింది. ఫోటోలో జడ కుడి భుజం మీదుగా ముందుకు పడి ఉంది. ఈ పిల్ల జడ ఎడమ చెవి కింది నుంచి పోతోంది.

"జడ మార్చొచ్చు గదమ్మా. నీ చెయ్యి మంచిదంట" అన్నాడు శేషాచారి.

అత్త చాటను తన వైపు లాక్కుంది. ఆమె మొగాలు చూడలేదు; అంచులు చూసింది. కాసేపటికి ఒకదాన్ని తీసి ఖాళీలో పెట్టింది. అది డబ్బాకు మూత పడినట్టు పడింది. ముక్కు కొంచెం ఎర్రబడి, కనుబొమలు దగ్గరికి లాక్కుని, కెమెరా వంక కాకుండా దాని కింది నేల వంక చూస్తున్న పిల్ల.

"ఇది కాదు" అన్నాడు వెంటనే. "మా పాప ఇట్ల మొగం పెట్టదు. ఎప్పుడూ నవ్వుతానే ఉంటాది."

"ఇదేనప్పా. నా కత్తెర నాకు తెలవదా?"

ఆయన అట్ట తీసుకుని పెరట్లో వెలుతురులోకి పోయాడు. బొటనవేలు అడ్డంగా పెట్టి నుదురు, ముక్కు, గడ్డం కొలిచాడు. జీవితమంతా దేవుళ్ళ మొగాలు కొలిచినవాడికి ఇంకో విధంగా చూడడం రాదనుకుంటాను. రెండోసారి కొలవలేదు. ఫోటోల తీగ కింద నిలబడే ఉన్నాడు. మేమెవరమూ బయటికి పోలేదు. తిరిగొచ్చి కూర్చుని అన్నాడు: "ఆ పొద్దు ఏడ్చింది. ఆత్మకూరు సంబంధం వద్దని. ఆళ్ళగడ్డలో బస్సెక్కిన కాడి నుంచి ఈడిదాకా ఏడ్చినాది. మొగం కడుక్కోమని చెప్పితి. అంతే నేను చెప్పింది."

చాటలో పక్కకు పెట్టిన నవ్వుమొగం చూపించాడు. "ఆ పిల్లనే పెట్టమ్మా. మా ఇంటామెకు ఎట్లా మసకలే. నవ్వుతాందని సంతోషపడతాది."

మామ అప్పుడే తల ఊపేశాడు. అతని లెక్కలో అది రోజూ చేసే పనే. తల ఒకరిది, ఒళ్ళు ఇంకొకరిది, ఇంటివాళ్ళు దండ వేసుకుంటారు, ఎవరికీ నష్టం లేదు. పైగా కూతురి మొగం కోసి డబ్బాలో వేసిన ఇంటి నుంచి ఆ మనిషి గొడవ పడకుండా పోతే చాలన్నది అతని భయం. "పెట్టు రూతూ" అన్నాడు.

"నా మొగమైతే యాడన్నా పెడతా" అంది అత్త. "పక్కోళ్ళ బిడ్డ మొగం పెట్టను. ఆ పిల్లకు లేరా అమ్మానాయనా?"

"ఇన్నాళ్ళూ చేసిందేంది మరి?" అన్నాడు మామ.

"ఇన్నాళ్ళూ చేసింది నేను సచ్చినోళ్ళకు నా ఒళ్ళు ఇయ్యడం. ఇది వేరే."

శేషాచారి ఈ వాదన వింటున్నట్టు లేడు. అట్ట కింద రాత చూస్తున్నాడు. అప్పటిదాకా మొగం మీదే ఉన్న చూపు అక్కడికి దిగింది. కూడబలుక్కుంటూ పైకే చదివాడు: "ఆత్మకూరు సంబంధం. నాకు ఇష్టం లేదని చెప్పినాను. మా నాయన సరేలే అన్నాడు. మధ్యాహ్నం బస్సుకు ఇంటికి పోయినాం. మా అమ్మ అన్నం తినకుండా నా కోసరం కూర్చోనింది."

"ఇది ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలే. ఆత్మకూరు సంబంధమని కవరు మీద ఉండె. తక్కింది, కొయ్యకముందు ఆ పిల్ల మొగం చూసి రాసుకుంటి."

"నేను సరే అనలే" అన్నాడు.

కెటిల్ మూత టకటకమంటోంది. అత్త లేచి దాన్ని దించలేదు. ఆయన తుండుగుడ్డతో మొగం తుడుచుకుని, అట్టను ఆమె ముందుకు జరిపాడు. "అతికించమ్మా. ఏడుపు మొగమే అతికించు. రాత మాత్రం కొట్టెయ్యద్దు. ఇంటికి పోయి చదివి ఇనిపిస్తా."

జిగురు ఆరేదాకా ఆయన ఉన్నాడు. అత్త జొన్నరొట్టె పెట్టింది, తిన్నాడు. అతుకు కనిపించకుండా మళ్ళీ ఫోటో తీసి సరిచేసి ఇస్తానని మామ చెప్పాడు గానీ, అట్టనే కావాలన్నాడు. మామ దానికి ఏమీ తీసుకోలేదు. అడగడానికి ఏ మాట మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు.

ఆ తర్వాత కూడా అత్త అట్టలు చేసింది. కాకపోతే ప్రతి అట్ట వెనకా చిన్న కాగితపు సంచి అంటించి, కోసిన మొగాన్ని అందులో పెట్టేది. చాటలో ఉన్నవాటికి కూడా, అంచులు చూసి, ఎవరి ఇల్లు వాళ్ళకు అప్పగించింది. దానికి చాలా రోజులే పట్టింది. చారు పొంగిపోయినా లేవలేదు. వెతుక్కుంటూ మళ్ళీ ఎవరైనా వచ్చారా అంటే, రాలేదు. శేషాచారి ఒక్కడే.

మొన్న ట్రంకుపెట్టె తెరిచినప్పుడు హైదరాబాదులో బొమ్మలు గీయడం చదువుతున్న మా మనవరాలు ఇంట్లోనే ఉంది. అట్టలన్నీ నేలమీద పరిచి చాలాసేపు చూసింది. "తాతా, దీనికి పేరుంది. దొరికిన ఫోటోలతో, రాతతో, తమ బొమ్మతో చేస్తారు. పెద్దపెద్ద మ్యూజియాల్లో పెడతారు" అంది. ఇవి దొరికినవి కావమ్మా, వదిలేసి పోయినవి అన్నాను. రెండూ ఒకటే గదా అంది. కావచ్చు. తర్వాత నా సంతోషం కోసం తన ఫోనులో ఒక గ్రూపు ఫోటో తీసి, వెనక నిలబడ్డ ముక్కూమొగం తెలియనివాళ్ళను వేలితో రుద్దింది. మాయమైపోయారు. ముందున్న మా అందరికీ ఇంకోసారి రుద్దింది. నవ్వులు వచ్చాయి. నేను ఆ సమయంలో నవ్వలేదని నాకు గట్టిగా గుర్తు, కానీ ఫోటోలో పళ్ళు కనిపిస్తున్నాయి. పింఛను ఆఫీసుకు ఇది పనికిరాదు, అక్కడ నవ్వకూడదు. "తీసేసిన మనుషులు ఏమైతారు?" అని అడిగాను. "ఏమైతారు తాతా, పోతారు" అంది. ఆమె తప్పేమీ లేదు. అట్ట వెనక సంచి పెట్టే వీలు ఫోనులో లేదు. నేను ఆ గౌను అట్ట వెనక సంచిలో వేలు పెట్టి చూశాను. కుర్రాడు ఉన్నాడు. కొంచెం పసుపెక్కాడు, అంతే. ఎవరైనా వచ్చి అడిగితే ఇప్పటికీ ఆవిరి పెట్టి మార్చి ఇవ్వొచ్చు.

అయితే మనవరాలు ఆ అట్టల్లో ఒక సంగతి చూసింది, మేం చూడనిది. చూసిందని ఆమె నాతో అనలేదు. కాసేపయ్యాక రాతలు చదవడం మానేసి, వరసగా అత్త మొగాలు మాత్రమే చూసుకుంటూ పోయింది. అట్లా చూసిన మనిషిని నేను అంతకుముందు ఒక్కణ్ణే ఎరుగుదును. జిగురు ఆరేదాకా కూర్చున్న ఆ పొద్దు, ఊరికే ఉండడం దేనికని మంచం మీది తక్కిన అట్టలన్నీ శేషాచారికి నేనే చూపించాను. మా అత్త హాస్యం నాకు అప్పట్లో గొప్ప. ఆ మనిషి నాలుగు నిమిషాలు నవ్వుకుంటాడనుకున్నాను. నిద్రపోయే హెడ్మాస్టరును చదివాడు. ఉప్పు లేని వంకాయ కూరను చదివాడు. ఏ సబ్జెక్టో అనుకోని బి.ఏ.ను చదివాడు. పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు. తర్వాత రాతలు వదిలేసి, మొదటి అట్ట నుంచి మళ్ళీ అత్త మొగాలే చూసుకుంటూ పోయాడు. కూతురి అట్టను పాత న్యూస్‌పేపర్లో చుట్టుకుని, చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాడు. మామ బస్సు వేళ చెప్పాడు. శేషాచారి గడప దగ్గర ఆగి, జిగురు గిన్నె చేతిలో పట్టుకుని నిలబడ్డ మా అత్త వైపు తిరిగాడు.

"మా పాప ఆ ఒక్క పొద్దే మొగం అట్ల పెట్టుకోనింది. నువ్వేందమ్మా, అన్నిట్లోనూ అట్లే ఉండావు."